ఆ దొడ్డిని చూసే కొను చెల్లీ

పుదుచ్చేరి దగ్గర ఆ ఏంబలం ఇల్లు కొనవే చెల్లీ. నా మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక మీదట నేను అనబోయేవన్నీ వింటే అక్క వద్దంటోందేమో అనుకుంటావు. వద్దనడం లేదు. కానీ ఆ బ్రోకరు నీతో "వెనకాల బోలెడంత జాగా ఉందమ్మా, ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు" అన్నాడు చూశావూ, ఆ మాట మీద మాత్రం మనం నింపాదిగా మాట్లాడుకోవాలి. ఇంటికి చెప్పిన ధరలో సగానికి పైగా ఆ మాటకే ఇస్తున్నావు.

నీ ఒక్కదాని సంగతే అయితే ఫోనులో తేల్చేసేదాన్ని. అద్దె కొంపలతో విసిగిపోయి, టౌనుకి కాస్త దూరమైనా పల్లెలో ఓ పాత ఇల్లు కొనుక్కుని, వెనకాల రెండు గదులు దించుకుందామనుకునే ఆడవాళ్ళు ఈ మధ్య నాకు చాలామంది తగులుతున్నారు. నెల్లూరులోనూ అంతే, కాకినాడలోనూ అంతే. అందుకని అందరూ వినేట్టు ఇక్కడే మాట్లాడుతున్నాను. నీకేం అభ్యంతరం లేదుగా?

నువ్వు పంపిన ఫొటోలు పదే పదే చూశాను. వీధి వైపు అరుగు, దాని మీద రెండు నున్నటి టేకు స్తంభాలు. లోపల చిన్న మండువా, దాని చుట్టూ బెంగుళూరు పెంకుల చూరు. ముందు గది మీద మద్రాసు మిద్దె. వంటిల్లు దాటితే గిలక ఉన్న నుయ్యి, ఆ వెనక దొడ్డి, దొడ్లో కొబ్బరి చెట్లు, పెద్ద వేప. చివర ముళ్ళ కంచె, కంచె అవతల సన్నటి కాలువ, దాని అవతల వరిచేలు. చెప్పొద్దూ, నాకే ఆశ పుట్టింది. యానాంలో మన తాతగారింటి మండువా గుర్తొచ్చింది అమ్మకి కూడా.

అమ్మ అక్కడ ఇమడగలదా అని నువ్వు బెంగపడుతున్నావు. యానాం నుంచి పుదుచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే, భాష వేరు, నిజమే. అయితే ఏంబలం తెలుగు వినపడని చోటేం కాదు. నెట్టపాక్కం, మడుకరై వైపంతా రెడ్డియార్లు, నాయుళ్ళు తరాలుగా ఉన్నారు, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 1964లో పుదుచ్చేరికి ముఖ్యమంత్రి అయిన వెంకటసుబ్బా రెడ్డియార్‌ది ఆ మడుకరై ప్రాంతమే. కాస్త ఉత్తరంగా తిండివనం వైపు వెళ్తే, స్వాతంత్ర్యం వచ్చేనాటికి మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన ఓమందూరు రామస్వామి రెడ్డియార్ సొంతూరు ఉంది. ఆ ఇళ్ళ పెద్దవాళ్ళ తెలుగులో తమిళపు యాస ఉంటుంది, మనం వాడడం మానేసిన పాత మాటలూ ఉంటాయి. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే అమ్మకి పలకరింపు దొరుకుతుంది. టౌనులో నువ్వుంటున్న లాస్‌పేట మూడో అంతస్తులో దొరకనిది అదే కదా. ఒంట్లో బాగోకపోతే గోరిమేడు దగ్గర జిప్మర్ ఉంది, టౌను దాటి వెళ్ళాలి అంతే.

సరే, ఇక అసలు విషయం. ఆ దొడ్డి ఎంత?

బ్రోకరు "20 కుళులు" అన్నాడన్నావు. అక్కడ కుళి అంటే 576 చదరపు అడుగులు. గజాల్లో లెక్కేస్తే 64 గజాలు. మా నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి కుళికి సరిగ్గా ఎనిమిది అంకణాలు. (తిరుపతి అంకణం 36 అడుగులే, ఆ లెక్క దీనికి కలపకు.) అంటే 20 కుళులు 1,280 గజాలు, మన సెంట్లలో 26 పైచిలుకు. కానీ పుదుచ్చేరి రెవెన్యూ రికార్డుల్లో కుళీ ఉండదు, సెంటూ ఉండదు. ఫ్రెంచివాళ్ళు పెట్టిపోయిన హెక్టారు, ఆర్, సెంటియారు లెక్కే నడుస్తోంది. సెంటియారు అంటే ఒక చదరపు మీటరు. నువ్వు పంపిన పట్టా నకలులో 0-08-20 అని ఉంది, చూసుకున్నావా? అంటే 820 చదరపు మీటర్లు. కుళికి 53.5 చదరపు మీటర్ల చొప్పున భాగిస్తే పదిహేను కుళుల మీద కాస్త. మరి మిగిలిన అయిదు కుళులు ఎక్కడివమ్మా?

నా అనుమానం ఆ కంచె మీదే. కంచె కాలువ గట్టుని ఆనుకుని ఉంది. కాలువకి పక్కన కొంత నేల ఎప్పుడూ సర్కారుదే, వాయికాలు పోరంబోకు అంటారు అక్కడ. ఏళ్ళ తరబడి కంచె జరుపుకుంటూ వస్తే అది ఇంటి దొడ్డిలాగే కనిపిస్తుంది. అందులో కొబ్బరి మొక్క నాటితే ఎవరూ అడగరు, గది కడితే అడుగుతారు. బ్రోకరు నీకు పెంచుకోమని వేలు పెట్టి చూపించిన చోటు సరిగ్గా అదే. కాబట్టి పట్టా ఒక్కటే చూసి ఊరుకోకు. ఎఫ్‌ఎంబీ అంటారు, సర్వే నంబరు వారీ కొలతల నక్షా, అది తీయించు. పుదుచ్చేరి సర్వే శాఖవాళ్ళు నిలమగళ్ పేరుతో భూమి రికార్డులన్నీ కంప్యూటర్లో పెట్టారు, నకలు దొరకడం కష్టం కాదు. దాన్ని పట్టుకుని సర్వేయరుతో గొలుసు వేయించి, నాలుగు మూలలా రాళ్ళు పాతించాకే బేరం మాట్లాడు. ధర పదిహేను కుళులకే.

ఇంకో సంగతి. పుదుచ్చేరి జిల్లా అంతా ఒకే ముక్కగా లేదు. ఫ్రెంచివాళ్ళకి ఏ ఊరు దక్కితే ఆ ఊరు వాళ్ళది, మధ్యలోవి ఇంగ్లీషువాళ్ళవి. ఆ గీతలే ఇప్పటికీ ఉన్నాయి. బస్సులో పోతుంటే పుదుచ్చేరి ఊరు, తమిళనాడు ఊరు, మళ్ళీ పుదుచ్చేరి ఊరు వస్తాయి. నువ్వు కొనేది ఏంబలంలోనే అయినా, దానితో కలిపి ఇస్తామంటున్న ఆ చిన్న చేను ఏ రాష్ట్రం సర్వే నంబరో విడిగా చూసుకో. అది తమిళనాడులో పడితే రిజిస్ట్రారు వేరు, స్టాంపు సుంకం వేరు, అనుమతులిచ్చేవాళ్ళు వేరు.

దొడ్డి రికార్డులో ఏమని ఉందో కూడా ముఖ్యమే. మన గ్రామకంఠాన్ని అక్కడ నత్తం అంటారు, ఇళ్ళ స్థలం అది. దాని వెనక ముక్క పుంజ అనో నంజ అనో ఉంటే అది సాగు భూమి కిందే లెక్క, మార్పించుకోకుండా పునాది తీయకూడదు. అమెరికాలోనో లండన్‌లోనో ఉండి ఈ ముచ్చట చదువుతున్న చెల్లెళ్ళు ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఓసీఐ కార్డు మీద ఇల్లు కొనుక్కోవచ్చు గానీ సాగు భూమి, తోట, ఫామ్‌హౌసు కొనడానికి వీల్లేదు. ఇల్లూ చేనూ ఒకే దస్తావేజులో కలిపి రాయించుకుంటే మొత్తానికి చిక్కు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్న సంగతికి వస్తాను. ఇల్లు అమ్ముతున్నది కొడుకు. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు, తల్లి అంతకు ముందే పోయింది. ముగ్గురు ఆడపిల్లలు: ఒకామె కడలూరులో, ఒకామె పారిస్ దగ్గర, మూడో ఆమె తండ్రి తర్వాత కాలం చేసింది, ఆమెకి భర్తా పిల్లలూ ఉన్నారు. "అక్కచెల్లెళ్ళకి పెళ్ళిళ్ళప్పుడే ఇచ్చేశాం, వాళ్ళకి దీంతో పని లేదు" అని ఆయన అన్నాడట, మరిదిగారు సరే అనేశారట.

సరే అనకూడదు చెల్లీ. చట్టం కోసం ఒకటి, మన మనసు కోసం ఇంకొకటి. హిందూ వారసత్వ చట్టం పుదుచ్చేరిలో 1963 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. వీలునామా లేకుండా పోయిన తండ్రి సొంత ఆస్తిలో కొడుకుకి ఎంతో కూతురికీ అంతే. పుట్టుకతో వచ్చే పిత్రార్జితంలో కూడా, ఆంధ్రలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకీ, దేశమంతటా కేంద్ర చట్టం 2005 సెప్టెంబరు 9 నుంచి ఆడపిల్లలందరికీ సమాన వాటా ఇచ్చాయి. పెళ్ళిలో పెట్టిన బంగారానికీ ఈ వాటాకీ సంబంధం లేదు. వాటా వదులుకుంటున్నానని ఆమె తనంతట తాను రిజిస్టరు దస్తావేజు రాసిస్తేనే వదులుకున్నట్టు. లేదా వాటాదారులందరూ కలిసి నీకు అమ్మినట్టు సంతకాలు పెట్టాలి. నేనైతే రెండోదే మేలంటాను. డబ్బు ఎవరి వాటా వాళ్ళ ఖాతాలో పడుతుంది, ఎవరి నోరూ నొక్కినట్టు ఉండదు.

చనిపోయిన ఆమె వాటా ఆమె భర్తకీ పిల్లలకీ వస్తుంది. ఆ పిల్లల్లో ఎవరైనా మైనరు ఉంటే కోర్టు అనుమతి లేకుండా తండ్రి సంతకం చాలదు. పారిస్ ఆమె రాలేకపోతే అక్కడి మన రాయబార కార్యాలయంలో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపొచ్చు. ఈ ఒక్క ఇంటికి, ఈ ఒక్క అమ్మకానికే అని రాసిన పవర్ అడుగు. అది ఇండియాకి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఆమె విదేశంలో ఉంది కాబట్టి ఆమె వాటా డబ్బులోంచి పన్ను పట్టుకుని కట్టాల్సిన బాధ్యత నీది. ఇక్కడివాళ్ళకైతే ధర 50 లక్షలు, ఆ పైన ఉన్నప్పుడు ఒక శాతం పట్టుకుంటాం. విదేశంలో ఉన్నవాళ్ళకి ఆ పరిమితి ఉండదు, శాతమూ ఎక్కువే. ఆడిటరుని అడిగి చేయించు. తర్వాత నోటీసు వచ్చేది నీకే.

పుదుచ్చేరిలో మాత్రమే ఉండే చిక్కు ఇంకోటి ఉంది. ఫ్రెంచి కాలంలో, 1881లో వచ్చిన ఉత్తర్వు కింద కొన్ని కుటుంబాలు తమ కుల, మత ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి వెళ్ళాయి. వాళ్ళ వారసులకి ఇప్పటికీ ఆ కోడే వర్తిస్తుంది, 1963లో వచ్చిన మన చట్టం వాళ్ళని విడిచిపెట్టింది. అమ్మేవాళ్ళది అలాంటి కుటుంబమేమో అడుగు. అడిగితే కోపం తెచ్చుకోరు, అక్కడ అందరికీ తెలిసిన విషయమే. ఇంటి మూల పత్రం తాతల నాటిదైతే ఫ్రెంచిలో ఉంటుంది, నోటరీ ముందు రాసినది. 1954 అక్టోబరు 18న ఏంబలం పక్కనే కీళూరులో 178 మంది ప్రతినిధులు ఓటు వేస్తే 170 మంది భారతదేశంలో కలవాలన్నారు, నవంబరు 1న పాలన చేతులు మారింది, 1962 ఆగస్టు 16కి గాని చట్టప్రకారం పూర్తి కాలేదు. ఆ మధ్యకాలపు కాగితాలు చదవడం వచ్చిన వకీలు పుదుచ్చేరిలోనే దొరుకుతాడు. నెల్లూరు వకీలుకి పంపమని నన్ను అడగొద్దు.

మన సంగతి గుర్తు తెచ్చుకో. నాన్న పోయాక యానాం ఇంటి కాగితాల మీద సంతకం కోసం తమ్ముడు మనిద్దరి దగ్గరికీ వచ్చాడు, ఏముందో చదివి వినిపించాడు, అమ్మ ఎదురుగా. వాడలా చేసినందుకే ఇవాళ పండక్కి ఆ ఇంటి గడప సంతోషంగా తొక్కుతున్నాం. ఏంబలం ఇంట్లో పుట్టి పెరిగిన ముగ్గురాడపిల్లలకి ఆ మాత్రం మర్యాద దక్కకుండా, వాళ్ళు ఆడుకున్న అరుగు మీద నువ్వు హాయిగా కూర్చోలేవు. నాకు తెలుసు నీ సంగతి.

సంతకాలు కుదిరాయనుకో, ఇల్లు నీదైందనుకో. అప్పుడు నా రెండో మాట: మొదటి ఏడాది ఒక్క ఇటుక కూడా పెంచకు. అట్లతద్ది నుంచి ధనుర్మాసం దాకా ఆ ఇంట్లో ఊరికే ఉండి, వాన ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో చూడు.

కోస్తాలో పుట్టినవాళ్ళం, తుపాను మనకి కొత్త కాదు. కానీ అక్కడ సంవత్సరం వానలో పెద్ద భాగం ఆ రెండు మూడు నెలల్లోనే దిగుతుంది. 2011 డిసెంబరు 30న థానే తుపాను పుదుచ్చేరికీ కడలూరుకీ మధ్య తీరం దాటినప్పుడు చెట్లన్నీ నేలకొరిగాయి. 2024 నవంబరు 30న ఫెంజల్ వచ్చినప్పుడు గాలి కన్నా వాన చంపింది. ఒక్క రోజులో పుదుచ్చేరిలో 48 సెంటీమీటర్లు కురిసింది, ముప్పై ఏళ్ళలో అంత చూడలేదన్నారు. అది తగ్గిందనుకునేలోపు ఎగువన తిరువణ్ణామలై జిల్లాలో సాత్తనూరు డ్యాము నిండి, డిసెంబరు 2 తెల్లవారుజామున 1.68 లక్షల క్యూసెక్కులు తెన్‌పెణ్ణైలోకి వదిలారు. బాహూరు వైపు ఊళ్ళు అప్పుడు మునిగాయి. వాన ఆగాక వచ్చిన వరద అది. ఏంబలం అటు శంకరాపరణికీ ఇటు తెన్‌పెణ్ణైకీ నడుమ ఉంది. ఆ నేలంతా చెరువులూ వాటిని కలిపే కాలువలే. బాహూరు చెరువుకి నీళ్ళు తెచ్చే బంగారు కాలువని బంగారి, సింగారి అనే ఇద్దరు దేవదాసీలు తవ్వించారని ఆ ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. అంటే నీ దొడ్డి వెనక పారే ఆ సన్న కాలువ కూడా ఏదో ఒక చెరువుకి దారే. ఎండాకాలంలో ఎండిపోయి కనబడిందని దాన్ని తక్కువ అంచనా వేయకు.

ఆరో ఫొటో పెద్దది చేసి చూడు. వంటింటి వెనక గోడ. మోకాలి ఎత్తు దాకా రంగు కొత్తగా ఉంది, పైన పాత వెల్ల. అమ్మకానికి పెట్టేటప్పుడు రంగు వేయించడం మామూలే, అయితే గోడంతా వేయిస్తారు గానీ సగం వేయించరు. ఈసారి వెళ్ళినప్పుడు బ్రోకరుని పక్కన పెట్టి పక్కింటి అవ్వని పలకరించు. ఫెంజల్ అప్పుడు నీళ్ళు ఎందాకా వచ్చాయో, ఎన్నాళ్ళు నిలిచాయో అడుగు. ఆవిడ చెయ్యి పెట్టి చూపించిన ఎత్తు కన్నా అడుగున్నర పైన నీ కొత్త గది బేస్‌మెంటు ఉండాలి. అమ్మ మోకాళ్ళ కోసం దానికి మెట్లు వద్దు, పొడుగ్గా వాలు పెట్టించు.

ఆ వేప చెట్టు వేళ్ళకి దగ్గరగా పునాది తీయకు. నుయ్యి పూడ్చమంటారు, అస్సలు ఒప్పుకోకు. నుయ్యి ఉంటే సెప్టిక్ ట్యాంకు నీళ్ళు ఇంకే గుంత దానికి కనీసం 60 అడుగుల దూరంలో ఉండాలి. కాలువ వైపు కట్టకూడదు, వేప వైపు తవ్వకూడదు, ఆ గుంత నూతికి అంత దూరం ఉండాలి. ఇప్పుడు కాగితం మీద గీసి చూడు, పదిహేను కుళుల్లో అమ్మ గదికీ స్నానాల గదికీ మిగిలేది వంటింటికి దక్షిణం వైపు ముక్క ఒక్కటే. అది చాలు. పన్నెండు పధ్నాలుగు అడుగుల గది, పక్కనే చేత్తో పట్టుకునే కడ్డీలున్న బాత్రూము, ముందు చిన్న వసారా. మరిదిగారు ఈశాన్యం, నైరుతి అంటున్నారట, చూపించుకోమను, నేను కాదనను, అమ్మకీ ఆ నమ్మకం ఉంది. నీళ్ళ వాలు తెలిశాక వాస్తు సిద్ధాంతిగారిని పిలిస్తే ఆయనకీ సులువు.

పాత ఇంటి మీద పైఅంతస్తు వేద్దామన్న ఆలోచన మాత్రం మనసులోంచి తీసెయ్యి. మద్రాసు మిద్దె ఎలా వేస్తారో తెలుసా? గోడ నుంచి గోడకి టేకు దూలాలు పరిచి, వాటి మీద వేలెడంత మందం పలచటి ఇటుకల్ని నిలువుగా, మూలకు మూలగా గానుగ సున్నంతో పేరుస్తారు. దాని మీద ఇటుక కంకర, సున్నం కలిపి పోసి, కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్ళు చల్లుతూ ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్క కొట్టులతో రోజుల తరబడి కొట్టేవాళ్ళు. అది నూరేళ్ళు ఉంటుంది, కానీ తన బరువూ నాలుగు వడియాల చాటల బరువూ మోయడానికి కట్టింది. దాని మీద శ్లాబు కాదు కదా పెద్ద నీళ్ళ ట్యాంకు కూడా వద్దు. కొనే ముందు ఆ దూలాలు గోడలో దిగే చోట స్క్రూడ్రైవరు పెట్టి గుచ్చి చూడమను. టంగుమంటే మంచిది. మెత్తగా దిగిపోతే లోపల చెదలు తినేశాయని అర్థం, దూలం మార్చే ఖర్చు ధరలో తగ్గించమని అడుగు.

మా కోవూరు ఇంటికి మామగారి హయాంలో సున్నపు గోడల మీద సిమెంటు పూత వేయించారు, గట్టిగా ఉంటుందని. సున్నపు గోడ తడి పీలుస్తుంది, మళ్ళీ వదులుతుంది. పైన సిమెంటు మూసేస్తే ఆ తడి బయటికి పోలేక ఉప్పుగా తేలి, పూతంతా పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ప్రతి వేసవికీ పూయిస్తూనే ఉన్నాం. ఏంబలం ఇంటికి సున్నమే వేయించు. ఆ పని వచ్చిన మేస్త్రీలు పుదుచ్చేరిలో ఇంకా ఉన్నారు. టౌనులో వైశ్యాల్ వీధి ఇళ్ళని ఇంటాక్ సంస్థవాళ్ళు అలాగే పాత పద్ధతిలో బాగు చేయిస్తే 2008లో యునెస్కో అవార్డు వచ్చింది. ఓసారి ఆ వీధిలో నడిచి, అరుగులూ వాటి మీది పెంకుల చూర్లూ చూసి రా. మేస్త్రీకి ఏం చెప్పాలో నీకే తెలుస్తుంది.

కొత్త గదిని పాత గోడకి అతికించి కట్టించకు. పాత పునాది ఎప్పుడో కుదురుకుంది, కొత్తది రెండు మూడేళ్ళు కుంగుతూనే ఉంటుంది. రెండూ కలిపితే మధ్యలో పగులు ఖాయం. అంగుళం సందు వదిలి విడిగా కట్టి, పైన వసారా కప్పుతో కలిపించు. ఆ గది గోడలకి ఏ ఇటుకలంటావా, ఆరోవిల్‌లో ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1989 నుంచి మట్టి ఇటుకల మీద పనిచేస్తున్నారు. మట్టిలో అయిదు శాతం దాకా సిమెంటు కలిపి మిషన్‌లో నొక్కి, కాల్చకుండా నీళ్ళు చల్లి ఆరబెడతారు. పాత సున్నపు గోడ పక్కన అవే అందంగా కుదురుతాయి, లోపల చల్లగానూ ఉంటుంది. ప్లాను ఆమోదానికి ప్లానింగ్ అథారిటీకి, పంచాయతీకి కాగితాలు పెట్టాలి, పల్లెటూరే కదా ఎవరడుగుతారు అనుకోవద్దు. బోరు వేయాలన్నా అనుమతి ఉండాలి. ఆ మాటకొస్తే బోరు కన్నా ముందు పైకప్పు నీళ్ళు చూడు. 100 చదరపు మీటర్ల కప్పు మీద అక్కడ ఏడాదికి 1,300 మిల్లీమీటర్ల చొప్పున పడే వాన లక్షా ముప్పై వేల లీటర్లు. అందులో సగం ఆ నూతిలోకి దింపినా వేసవిలో చేద ఖాళీగా పైకి రాదు.

మండువా మీద ఫైబరు రేకు వేయించమని చెప్పేవాళ్ళు వస్తారు. దొడ్లో నాలుగు గదులు వేసి టూరిస్టులకి ఇమ్మని చెప్పేవాళ్ళూ వస్తారు. సముద్రం చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇరవై కిలోమీటర్లు లోపలికి వచ్చి పడుకోరు. పైగా మండువా మూసి, దొడ్డి నింపేశాక ఆ ఇంట్లో మిగిలేది టౌనులో నువ్వు వదిలి వస్తున్న ఇల్లే. అంచు చూసి చీర కొని, ఇంటికొచ్చాక ఆ అంచే కత్తిరించినట్టు. ఖాళీ నేల ఉందని డబ్బు పోస్తున్నావు, ఆ ఖాళీని ఉంచుకో. మూడు వంతుల దొడ్డి ఎప్పటికీ దొడ్డిగానే ఉండాలని నా కోరిక. అమ్మ అందులో గోంగూరా బచ్చలీ వేసుకుంటుంది, పిల్లలు వేప కింద ఉయ్యాల కట్టుకుంటారు, వాన నీళ్ళు ఇంకడానికి చోటుంటుంది.

మరిదిగారు కొత్త గదికి పిల్లర్లు లేపి, రేపు పైన వేసుకోవడానికి ఇనుప ఊచలు వదిలేద్దామంటున్నారట. ఆయనకి నేను చెప్పానని చెప్పు, అవి తుప్పు పట్టి కింది శ్లాబునే పాడుచేస్తాయి. పిల్లలు పెద్దయ్యాక వాళ్ళకి కావాల్సింది వాళ్ళు కట్టుకుంటారు, మనమిప్పుడు అమ్మకి కావాల్సింది కడదాం.

రేపు ఆదివారం బ్రోకరుకి ఫోన్ చేసే ముందు, కడలూరులో ఉన్న ఆ పెద్దమ్మాయి నంబరు సంపాదించి ఆమెతో మాట్లాడు. ఆమెని చూడడానికి నేను కూడా వస్తాను, కలిసి వెళ్దాం. ఇల్లు కొనాలనుకుంటున్న మిగతా అక్కచెల్లెళ్ళకీ నేను చెప్పేది ఇదే: ఆ ఇంటి ఆడపడుచుల సంతకాలు, సర్వే రాళ్ళు, ఈ రెండూ కళ్ళారా చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.